సముద్రానికి ర్యాంపు

బమ్మిడి హైమవతికి సముద్రం లోపలి చేపల్ని చూడాలని కోరిక పుట్టడమే తప్పు. పుట్టినదాన్ని మనసులో దాచుకోకుండా ప్రయాణ రాయితీ సెలవు దరఖాస్తులో రాయడం రెండో తప్పు. 'వెళ్ళదలచిన చోటు' అన్న గడిలో "స్నార్కెలింగ్ వీలున్న ఏదో ఒక దీవి, ఇంకా నిర్ణయించుకోలేదు" అని ఉన్న నిజం ఉన్నట్టు రాసేయడం మూడోదీ, మొదటి రెండింటికన్నా పెద్దదీ. ఇంకా నిర్ణయించుకోలేదని ఒక ఆఫీసుకి చెప్పడమంటే, దయచేసి మీరే నిర్ణయించండని సంతకం చేసి ఇవ్వడమే.

ఆమె విశాఖపట్నంలోని తీర సర్వే కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్. ఆడమనిషే గాని, ఆర్డర్లలో అలాగే రాస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా సముద్రం ఎక్కడెంత లోతుందో కాగితం మీద గీతలు గీస్తోంది. రెండో ఏట వచ్చిన పోలియోతో ఎడమకాలు సన్నబడి ఆగిపోయింది. ఆ కాలికి ఇనప పట్టీల క్యాలిపర్, చంకన కర్ర. ఇసుకకీ క్యాలిపర్‌కీ పడదు కాబట్టి, అంత సముద్రం పక్కనే పెట్టుకుని ఆమె దాన్ని రోజూ సిటీ బస్సు కిటికీలోంచే చూసింది.

నిరుడు తుంటినొప్పి వస్తే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆమెను గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో దింపింది. నీళ్ళలో ఆ కాలికి బరువు లేదు. ఎవరో వెనకనుంచి పట్టుకున్నారనుకుని తిరిగి చూసింది, ఎవరూ లేరు. హైమవతి పైకే నవ్వేసింది. ఆ అమ్మాయి మరుసటి వారం ముఖానికి అద్దం, నోటికి గొట్టం తెచ్చిచ్చి, స్నార్కెలింగ్ అంటే ఇంతేనండి అని చెప్పింది. నడవక్కర్లేదు. నిలబడక్కర్లేదు. బోర్లా పడుకుని, గొట్టంలోంచి ఊపిరి తీసుకుంటూ కిందికి చూడటమే. ఇన్నేళ్ళకి తన కోసమే కనిపెట్టిన ఆట ఒకటుందని తెలిశాక ఆవిడకి నిద్ర పట్టలేదు. వచ్చే ఏప్రిల్లో రిటైర్మెంట్. నాలుగేళ్ళకోసారి వచ్చే ఈ సెలవు డిసెంబరు ముప్పై ఒకటితో మురిగిపోతుంది. సొంత ఖర్చుతో పోతానన్నా సెలవివ్వాల్సింది ఆ ఆఫీసే. అందుకే జూలైలోనే దరఖాస్తు పెట్టింది.

సరిగ్గా ఆ జూలైలోనే పై నుంచి ఒక ఉత్సాహం దిగింది. ఆ ఏడాదిని 'అందరికీ అందుబాటు' సంవత్సరంగా ప్రకటించారు. గోడలకి రంగులు వేశారు, సిబ్బందికి టోపీలు పంచారు, ఒక సర్క్యులర్ తీశారు. "పరిమిత చలన సామర్థ్యము గల ఉద్యోగి విహారార్థము ఎంచుకొను గమ్యస్థానము సుగమ్యమైనదని కమిటీచే ధ్రువీకరింపబడనిదే సెలవు మంజూరు చేయరాదు." సర్క్యులర్ వచ్చిన సాయంత్రానికే కమిటీ ఏర్పడింది. ఆ కమిటీకి దేశం మొత్తం మీద ఒక్కటే దరఖాస్తు ఉంది. అది హైమవతిది.

సెక్షన్ సూపరింటెండెంట్ పొట్నూరు మల్లేశ్వరరావు ఫైలు చంకన పెట్టుకుని కిందికి దిగాడు.

"మేడమ్, మీ కేసు కమిటీకెళ్ళిందండి. రేపు పదకొండింటికి మీటింగు. మీరు హాజరవ్వాల."

"ఎక్కడండీ?"

"పైన. రెండో అంతస్తులో."

"మరి లిఫ్టు?"

మల్లేశ్వరరావు జాలిగా చూశాడు. "లిఫ్టుకి వేరే కమిటీ ఉందండి. అది మూడో అంతస్తులో కూకుంటాది."

మర్నాడు హైమవతి వసారాలో, సరిగ్గా కమిటీ గది కిటికీ కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. పైనుంచి అడిగితే కిందనుంచి గొంతెత్తి చెప్పేది. ఆనాటి మినిట్స్‌లో మల్లేశ్వరరావు "దరఖాస్తుదారు గైర్హాజరు, వారి కంఠము హాజరు" అని రాశాడు.

కమిటీ అధ్యక్షుడు జాయింట్ డైరెక్టర్ చింతలపాటి విశ్వేశ్వరరాజు గారు. మనిషి చెడ్డవాడు కాడు. ఎవరికైనా మేలు చేయాలనుకుంటే అది పూర్తయ్యేదాకా వాళ్ళని కదలనివ్వడు, అంతే. సభ్యులు ఇద్దరు. ఇంజనీరు దాసరి గాబ్రియేలు, కొలవగలిగినది ఏదైనా కొలుస్తాడు. డాక్టర్ సుభాషిణి గారు తక్కువ మాట్లాడతారు, అడిగినదానికే జవాబు రాస్తారు.

రాజుగారు ప్రారంభోపన్యాసం చేశారు. "సభ్యులారా, సుగమ్యతను పరీక్షించుటకు మన వద్ద ఇరవై ఏడు అంశముల పట్టిక ఉన్నది. అది భవనముల కొరకు తయారైనది. సముద్రమునకు ప్రత్యేక పట్టిక కావలెనన్న ప్రభుత్వమునకు వ్రాయవలెను. రెండేళ్ళు పట్టును. సముద్రము సైతము ప్రజోపయోగ స్థలమే గనుక, ఉన్న పట్టికనే అన్వయింతము."

అందరూ ఒప్పుకున్నారు. ఆ విధంగా పదకొండూ పదిహేనుకి సముద్రం భవనమైంది.

"మొదటి అంశం. అంతస్తులెన్ని?" అన్నారు రాజుగారు.

గాబ్రియేలు పట్టిక మీద పెన్ను పెట్టాడు. "పైకి ఏం లేదు సార్. అంతా కిందికే ఉంది. మొత్తం బేస్‌మెంటే."

"బేస్‌మెంట్ ఉంటే అగ్నిమాపక నిరభ్యంతర పత్రం తప్పనిసరి."

"సముద్రానికి నిప్పంటుకుంటుందా అండి?" డాక్టరు గారు అడిగారు.

"అంటుకోదని ధ్రువపత్రమున్నదా?" అన్నారు రాజుగారు, సౌమ్యంగా.

లేదు. కాబట్టి అగ్నిమాపక శాఖకి రాశారు. మూడు వారాలకి జవాబొచ్చింది: "సదరు ఆవరణలో నీటి లభ్యత సంతృప్తికరము. ఇసుక సమృద్ధిగా ఉన్నది. అయితే ఇసుక బకెట్లు కానరాలేదు."

ఆగస్టంతా బకెట్లతో గడిచింది. సెప్టెంబరులో కమిటీ స్వయంగా పరిశీలనకు బయలుదేరింది. ఒక దీవి తరవాత ఇంకో దీవి, దాని తరవాత మరొకటి. వెళ్ళేటప్పుడు ముగ్గురూ టేపులూ స్పిరిట్ లెవెల్సూ పట్టుకెళ్ళారు, వచ్చేటప్పుడు నల్లబడి వచ్చారు. హైమవతికి ప్రతిసారీ ఒక కొబ్బరిచిప్ప తాళాల గొలుసు వచ్చేది. నివేదిక నకలు కూడా వచ్చేది. దాన్ని ఆమె తన డ్రాయింగు బల్ల మీద పరుచుకుని చదివింది.

"ప్రవేశ ద్వారము: తొంభై సెంటీమీటర్లకు తక్కువ ఉండరాదు. సముద్ర ద్వారము ఇంతకు ఎక్కువే ఉన్నది, సంతృప్తికరము. నేల: జారుట ఉండరాదు. నేల తడిగా ఉన్నది, తడి ఉన్నదని తెలుపు హెచ్చరిక బోర్డు లేదు. ర్యాంపు: పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలవలెను. తీరము మొదట చక్కగా వాలినను, ఎనభై మీటర్ల తరువాత బాధ్యతారహితముగా పడిపోయినది. ఇరువైపులా చేతిపట్టు కమ్మీలు: లేవు. ప్రదర్శిత వస్తువులు చక్రాల కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తున ఉండవలెను. చేపలు ఈ నియమమును పాటించుటలేదు. మూడింట రెండు వంతులు పాదముల దిగువన సంచరించుచున్నవి. అధ్యక్షులు సమీపించగా దూరముగా తొలగినవి. ఇది వివక్షగా పరిగణింపదగియున్నది. ఫలితము: అనర్హము."

మూడు దీవులూ అనర్హమే. అక్టోబరు అయిపోవస్తోంది. హైమవతికి ఒళ్ళు మండిపోయింది. రాజుగారు సాయంత్రం జీపెక్కే వేళకి కర్ర టకటకలాడించుకుంటూ ఎదురెళ్ళి నిలబడింది.

"సార్, నాకు ర్యాంపొద్దు, కమ్మీలొద్దు. పెద్ద కెరటం లేని నీళ్ళు, అంచు తక్కువున్న పడవ, పట్టుకోడానికో గాలి ట్యూబు, పక్కనో మనిషి. నాకంతే చాలు. అలాంటి చోటెక్కడుందో ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే తెలిసిపోతాది. వదిలేస్తే నేనే కనుక్కుంటాను."

రాజుగారు నిజంగా బాధపడ్డారు. "మేడమ్, మీరు లబ్ధిదారు. లబ్ధిదారు అవసరములు లబ్ధిదారే చెప్పుకొను దుస్థితి రాకూడదనియే గదా ఈ కమిటీ."

జీపు వెళ్ళిపోయింది. ఆ రోజు బస్సులో ఆమె సముద్రం వైపు చూడలేదు. పెళ్ళికి పిలిచి గుమ్మం బయటే నిలబెట్టినట్టుంది ఆవిడకి. ఇంటికెళ్ళి చెల్లెలు చంద్రకళ అడిగితే, "ఇంక అవదులేయే" అని చెప్పి, అద్దమూ గొట్టమూ బీరువాలో కింది అరలో పెట్టేసి తాళం వేసింది. ఆపైన ఏడ్చింది.

కానీ కమిటీ చేతులెత్తేసే రకం కాదు. నవంబరు మొదటి వారంలో మల్లేశ్వరరావు పరుగున కిందికొచ్చాడు.

"మేడమ్, దొరికిందండి. ఇరవై ఏడుకి ఇరవై ఏడూ సరిపోయిన చోటు."

"ఏ దీవి?"

"దీవి కాదండి. మన ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ స్విమ్మింగ్ పూల్."

నిజంగానే సరిపోయింది. ర్యాంపుంది, కమ్మీలున్నాయి, తడి బోర్డుంది, బకెట్లు పదకొండున్నాయి. చేపలే లేవు. మొదట శీలావతి చేపపిల్లలు తెచ్చి వదిలారు. క్లోరిన్ నీళ్ళలో అవి అరగంటలో వెల్లకిలా తేలాయి, ఆ సాయంత్రం క్యాంటీన్ పులుసు బాగుందన్నారు. అందుకని చేపల బొమ్మలు లామినేషన్ చేయించి పూల్ గోడలకి అంటించారు. చక్రాల కుర్చీ కంటి ఎత్తున, కింద పేర్లతో, పేర్ల కింద బ్రెయిలీతో. ఏ చేపా తొలగిపోకుండా నాలుగు మూలలా స్క్రూలు బిగించారు.

ప్రారంభోత్సవం రోజున షామియానా వేశారు. రెండో అంతస్తు, మూడో అంతస్తు సిబ్బంది అంతా టోపీలు పెట్టుకుని వచ్చారు. హైమవతి రానందామనుకుంది. రాకపోతే 'లబ్ధిదారు నిరాకరించెను' అని రాసి ఫైలు మూసేస్తారని మల్లేశ్వరరావు చెవిలో చెప్పాడు. వచ్చింది.

నీళ్ళలోకి దిగేముందు డాక్టర్ సుభాషిణి గారు ఒక ఫారం తీశారు. "సర్క్యులర్ ఏడో పేరా ప్రకారం చలన లోపాన్ని 'వినియోగ స్థలంలో' కొలవాలండి. ఇక్కడ వినియోగ స్థలం నీళ్ళు. పోలికకి ఏ లోపమూ లేని ఉద్యోగి ఒకరు కావాలి."

జనమంతా రాజుగారి వైపు చూశారు. రాజుగారికి ఈత రాదు. కానీ ఏ లోపమూ లేని ఉద్యోగి కావాలన్నప్పుడు జాయింట్ డైరెక్టరు పక్కకి తప్పుకోవడం బాగుండదు. ప్యాంటు పైకి మడిచి, మెడలో గుర్తింపు కార్డుతో సహా ర్యాంపు మీదుగా హుందాగా దిగారు.

హైమవతి పూల్ గట్టు మీద కూర్చుని క్యాలిపర్ పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. కర్ర పక్కన పెట్టింది. అద్దం తగిలించుకుని, గట్టు మీంచి నీళ్ళలోకి జారిపోయింది. అటు చివరికి వెళ్ళింది, వెనక్కి తిరిగింది, ఇటు చివరికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కాలు ఉందన్న సంగతి కాసేపు మరిచిపోయింది.

రాజుగారు నాలుగడుగుల లోతులో, నియమాల ప్రకారం జారని నేల మీద జారారు. కమ్మీని రెండు చేతులా కావలించుకున్నారు. "అందుబాటు, అందుబాటు" అని మాత్రం వినిపించింది. గాబ్రియేలు ఆయన్ని లాగడానికి దిగి, ఆయన పక్కనే కమ్మీని కావలించుకున్నాడు. మల్లేశ్వరరావు వాళ్ళిద్దర్నీ లాగబోయి మూడోవాడయ్యాడు.

డాక్టరు గారు ఫారం నింపారు. "బి. హైమవతి, వినియోగ స్థలంలో చలన లోపం సున్నా శాతం. సి. విశ్వేశ్వరరాజు, ఎనభై ఐదు శాతం. డి. గాబ్రియేలు, ఎనభై. పి. మల్లేశ్వరరావు, తొంభై."

"డాక్టర్ గారూ, ఇది..." తువ్వాలు కప్పుకుని వణుకుతూ అన్నారు రాజుగారు.

"నేను చూసింది రాస్తానండి. రాయమన్నది రాయను." ముద్ర వేసేశారు.

రాజుగారు ఆ రాత్రి సర్క్యులర్ మళ్ళీ చదివారు. లోపం నలభై శాతం దాటిన ఉద్యోగికి కింది అంతస్తులో సీటు, గంట ముందు ఇంటికెళ్ళే వీలు, మెట్ల దగ్గర నీడలో పార్కింగు, ప్రయాణంలో తోడుకి సహాయకుడు. మర్నాడు ఆయన ముఖం వికసించి ఉంది. ఆ వారంలో ఆఫీసు మొత్తం పూల్ దగ్గర వరస కట్టింది. ఈతొచ్చిన జాలరిపేట కుర్రాళ్ళు కూడా కమ్మీని పట్టుకుని వదల్లేదు. నవంబరు ఆఖరుకి ఎనభై ఒక్కమంది ఉద్యోగుల్లో ఎనభై మందికి పరిమిత చలనం ధ్రువీకరణ అయింది. పై రెండంతస్తులూ ఖాళీ అయ్యాయి. కింది అంతస్తులో బల్ల మీద బల్ల వేసినా చోటు చాలలేదు.

చలన సామర్థ్యం సంపూర్ణంగా ఉన్న ఉద్యోగి ఒక్కరే మిగిలారు. ఆ కారణంగా ఆమె సీటుని వెంటనే రెండో అంతస్తుకి మార్చడమైనదని ఆర్డరొచ్చింది.

ఆర్డరు ఇవ్వడానికొచ్చిన మల్లేశ్వరరావు తల వంచుకుని నిలబడ్డాడు. హైమవతి చదివి నవ్వింది.

"మెట్ల మీద నీళ్ళు పోయించండి మల్లేశ్వరరావు గారూ. తప్పకుండా ఎక్కుతాను."

ఆ మాట నోట్‌షీటులోకి ఎక్కింది. గాబ్రియేలు వచ్చి మెట్లన్నీ కొలిచాడు. రెండో అంతస్తు దాకా నీళ్ళు నిలబడాలంటే తలుపులూ కిటికీలూ గోడ కట్టి మూయాలనీ, మిగతా సిబ్బంది మునిగిపోయే అవకాశం ఉందనీ, వారు ఎనభై మందికీ నీటిలో లోపం ఉన్నట్టు రికార్డు ఉందనీ రాశాడు. ఫైలు ఆగింది. హైమవతి బల్ల కింది అంతస్తులోనే ఉండిపోయింది.

ఈలోగా రాజుగారు తన సెలవు దరఖాస్తు పెట్టుకున్నారు, అండమాన్ అని రాసి. లబ్ధిదారూ కమిటీ అధ్యక్షుడూ ఒకరే అయినందున ధ్రువీకరణ స్వయంసిద్ధమని ఆయనే రాసి, ఆయనే సంతకం చేశారు. ఇక సహాయకుడు కావాలి. సహాయకుడు వినియోగ స్థలంలో ఏ లోపమూ లేని ఉద్యోగి అయి ఉండాలి. వెతకడానికేమీ లేదు. "శ్రీమతి బి. హైమవతి గారిని సహాయకురాలిగా డ్యూటీపై నియమించడమైనది." హైమవతి ఆ కాగితం మూడుసార్లు చదివింది. ఆపైన మధ్యాహ్నం సెలవు పెట్టి, ఇంటికెళ్ళి బీరువా తాళం తీసింది.

డిసెంబరు ఇరవై ఎనిమిదిన, అండమాన్‌లో ఒక చిన్న దీవి ఒడ్డున, పడవ నడిపే సూరాడ ఎర్రన్న వాళ్ళకోసం చూస్తున్నాడు. అతనిది తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. క్యాలిపర్ చూశాడు, కర్ర చూశాడు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఇసకలో పెట్టాడు.

"కూకోండమ్మా. నానూ మా తమ్ముడూ అట్టుకుంతాం. కెరటం ఈ పక్క ఉండదు. పడవ అంచు కిందికే ఉంటాది, జారిపోతే సాలు."

"ర్యాంపు వాలు ఎంతుందయ్యా?" అన్నారు రాజుగారు.

"ఏటది బాబూ?" అన్నాడు ఎర్రన్న.

పది నిమిషాల్లో హైమవతి నీళ్ళలో ఉంది. రాజుగారిని గాలి ట్యూబులో కూర్చోబెట్టి తాడు ఆమె చేతికిచ్చారు. డ్యూటీ కదా. ఆమె ముఖం నీళ్ళలో పెట్టింది.

కింద పగడాల మీద నీలం చేపలు, పసుపు గీతల చేపలు, పేరు తెలియని నల్లచుక్కల చేపలు. కొన్ని ఆమె పాదాల దిగువన వెళ్ళాయి, ఒకటి తిన్నగా ఆమె అద్దం దాకా వచ్చి చూసి పోయింది. అద్దంలో నీళ్ళు చేరాయి, అవి సముద్రానివి కావు. ఇంత ఆనందం తనకి దక్కుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పైనుంచి రాజుగారి గొంతు వినిపిస్తోంది. ఎంతసేపని, ఎంత లోతని, నివేదికకి చేపలెన్నో లెక్కపెడుతున్నారా అని. చెవులు నీళ్ళలో ఉన్నందున ఆమెకి సగం మాటలే అందాయి, అందినవాటికి జవాబు చెప్పలేదు. తాడు మాత్రం వదలలేదు.

గంట తరవాత పడవలో రాజుగారు తువ్వాలు చుట్టుకుని దగ్గుతూ కూర్చున్నారు. హైమవతి జుట్టు పిండుకుని, సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉన్న కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"సెలవు దరఖాస్తండి. రేపటినుంచి ముప్పై ఒకటి దాకా. లోపం సున్నా శాతం కాబట్టి కమిటీ అక్కర్లేదు, జాయింట్ డైరెక్టరు సంతకం చాలు."

రాజుగారు కాగితం అటూ ఇటూ తిప్పారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పెన్ను తీసి సంతకం పెట్టాక గుర్తొచ్చింది. "మరి రేపు నా తిరుగు ప్రయాణానికి సహాయకురాలు?"

"నేల మీద మీకే లోపమూ లేదు కదండీ. చక్కగా నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు."

ఆయన తడిసిన సర్క్యులర్ విప్పి తగిన పేరా వెతకసాగారు. హైమవతి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఎర్రన్న వైపు తిరిగింది.

"రేపు ఎన్నింటికి బయల్దేరదాం, ఎర్రన్నా?"